స్మిత్ పటం వెనకున్న జాన్ కేరీ

జియాలజీ చదివినవాళ్లంతా ఇంగ్లాండ్ భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం స్మిత్ పేరు చెప్తారు. 1815లో ఆయన భూగర్భ పటాన్ని, అంటే ఇంగ్లాండ్‌లో ఎక్కడ ఏ రాతిపొర ఉందో రంగుల్లో చూపే పటాన్ని, అచ్చువేసిన జాన్ కేరీ ఎవరికీ గుర్తుండడు. నాకైతే కేరీయే ఇష్టం. లండన్‌లో స్ట్రాండ్ వీధిలో దుకాణం, అచ్చువేయడానికి పటాలను రాగి రేకుల మీద చెక్కడం వృత్తి. 1794లో తపాలా శాఖ పురమాయిస్తే కొలత చక్రం దొర్లించి దాదాపు 9,000 మైళ్ల రోడ్లు కొలిపించాడు.

స్మిత్ కోసం పాత రేకులతో సరిపెట్టకుండా కొత్తవి చెక్కించాడు, అంగుళానికి 5 మైళ్ల లెక్కన. రంగులన్నీ చేత్తో వేసినవే. ప్రతి రాతిపొరా అడుగు అంచున ముదురుగా, పైకి పోనుపోను లేతగా ఉండాలి. కాలేజీలో కలర్ పెన్సిళ్లతో షేడింగ్ వేసినవాణ్ణి, ఆ టెన్షన్ నాకు తెలుసు!

1819లో స్మిత్ అప్పులపాలై జైలుకెళ్లాడు. అయినా కేరీ 1824 దాకా ఆయన కౌంటీ (ఇంగ్లాండ్‌లో జిల్లాలాంటిది) పటాలు అచ్చువేస్తూనే ఉన్నాడు.