2:35కీ 2:45కీ మధ్య

అంబులెన్స్‌లో ఈఎంటీని, అంటే దారిలో పేషెంట్‌కి అత్యవసర చికిత్స చేసేవాణ్ని. రాత్రంతా టైములు రాయడమే సగం పని: కాల్ ఎప్పుడొచ్చింది, స్పాట్‌కి ఎప్పుడు చేరాం, బీపీ ఎన్నింటికి చూశాం, ఆసుపత్రిలో ఎప్పుడు అప్పగించాం. ఆ రాత్రి నా టైము కూడా ఒకటి రాయాల్సొచ్చింది. దాన్నే ఎగ్గొట్టబోయాను.

హైవే మీద బైకు యాక్సిడెంట్. పాతికేళ్ల కుర్రాడు, తొడ ఎముక విరిగింది, బీపీ 90కి దిగింది. సెలైన్ ఎక్కించే సన్న గొట్టం, పచ్చ కాన్యులా, అంటే 18 గేజి, మొదటిసారికే నరంలోకి ఎక్కింది. బయటికి లాగిన సూదిని తెల్ల డబ్బాలో పడేయాలి. ఆ డబ్బాని పట్టి ఉంచే బెల్టు తెగి వారమైంది, డబ్బా సీటు కింద దొర్లుతోంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నేనే గడిపేశాను. సూదిని స్ట్రెచర్ అంచున పెట్టి ప్లాస్టర్ అంటిస్తున్నా. బండి ఎగిరింది, కుర్రాడు చెయ్యి విదిల్చాడు. నా ఎడమ చూపుడు వేలి దగ్గర, గ్లవుజు లోపల ఎర్ర చుక్క. చూస్తుండగానే మినపగింజంత అయింది.

చెయ్యి దానంతటదే వేలిని నొక్కబోయింది. ట్రైనింగులో మాట అప్పుడు గుర్తొచ్చింది: నొక్కకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిట్ పొయ్యకూడదు. సబ్బు, పారే నీళ్లు, అంతే. పరిగెత్తే బండిలో పారే నీళ్లెక్కడివి? తాగే నీళ్ల సీసా వంచి కడుక్కుని కొత్త గ్లవుజు వేసుకున్నా.

"ఏమైంది తమ్ముడూ, పక్కన ఆపనా?" అన్నాడు పైలట్. అంబులెన్స్ డ్రైవర్ని మేం అలాగే అంటాం.

"వద్దన్నా, పోనియ్."

త్యాగమేమీ కాదు. అప్పగించేదాకా ఆ పేషెంట్ బాధ్యత నాది, మధ్యలో వదలడానికి లేదు. పైగా నేనూ వెళ్లాల్సింది ఆ ఆసుపత్రికే కదా.

క్యాజువాల్టీలో అప్పగించాం, ఎంఎల్‌సీ, అంటే పోలీసులకి వెళ్లే కేసు వివరాలు రాయించాం. నేను బండెక్కబోతుంటే పైలట్ చొక్కా పట్టుకున్నాడు. "ముందు డాక్టరమ్మకి చెప్పు." పొద్దున చూద్దాంలే అన్నాను. భయం కన్నా సిగ్గు ఎక్కువ. డబ్బా ఎక్కడుందని అడుగుతారుగా.

డాక్టరమ్మ ఆ మాటే ఎత్తలేదు. "ఎన్నింటికి గుచ్చుకుంది?" అంది. తెల్లమొహం వేశాను. పేషెంట్ కాగితం తీసి చూశా: 2:35కి బీపీ ఉంది, ఆ తర్వాతది 2:45కి. మధ్యలో నాది. హెచ్ఐవీ సోకకుండా వేసుకునే మందు రెండు గంటల్లోపు మొదలుపెడితే మేలని, 72 గంటలు దాటితే ఇక ఇవ్వరని చెప్పింది. హెచ్ఐవీ ఉన్నవాళ్ల సూది గుచ్చుకుంటే సోకేది వెయ్యికి ముగ్గురికి. టీకా లేనివాళ్లకి హెపటైటిస్ బి అయితే నూటికి ముప్ఫై దాకా వెళ్లొచ్చట. "మూడు డోసులూ అయ్యాయా?" రెండే అయ్యాయి. ఆరో నెలది డ్యూటీల్లో పడి వదిలేశా. ఆవిడకి కోపమొచ్చింది దానికే. ఆ డోసు అప్పుడే వేయించింది.

మందుల బీరువా తాళం వెతికేసరికి నాలుగు దాటింది. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి, 28 రోజులు. దానికంటే ముందు నా రక్తం తీశారు. ఆ రాత్రికి నాకేమీ లేదని రుజువు ఉండాలి, రేపు పరిహారం మాటొస్తే ఆ కాగితమే దిక్కు.

తెల్లారేలోపే కుర్రాణ్ని పెద్దాసుపత్రికి రెఫర్ చేశారు. అక్కడి ల్యాబులో తెలిసినవాడున్నాడు, ఫోన్ చేసి కుర్రాడి రక్తం సంగతి కనుక్కుందామా అన్నాను. సీనియర్ సిస్టర్ కసిరింది. "నీకు సూది గుచ్చుకుంటే వాడి గుట్టు నీదవుతుందా?" ఆవిడ చెప్పింది 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం గురించి. అది 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. ఆసుపత్రుల్లో పనిచేసే మాలాంటివాళ్లకి జాగ్రత్త సామాను, ట్రైనింగు, ఇలాంటప్పుడు మందు ఇవ్వాలన్నదీ అదే చట్టం. నాకు మాత్ర ఇప్పించిన చట్టమే నా నోరు మూయించింది. ఫోన్ జేబులో పెట్టేశా.

మొదటి వారం వికారం, నిద్రపట్టకపోవడం. కడుపు మంటకని గులాబీరంగు సిరప్ తాగేవాణ్ని. కౌన్సెలర్ ఆపించింది. అది తాగితే ఆరు గంటలాగి మాత్ర వేసుకోవాలట, లేదా మాత్ర వేసుకున్న రెండు గంటలకి సిరప్. రక్తదానం వద్దంది, ఇంట్లో కండోమ్ తప్పనిసరి అంది. ఆ ఒక్క మాటతో మా ఆవిడకి చెప్పక తప్పలేదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాత్ర ఎన్నింటికి?" అని అడిగి తన ఫోన్లో రాత్రి తొమ్మిదికి అలారం పెట్టింది.

అన్నిటికన్నా కష్టం ప్రమాద నివేదిక. "ఎలా జరిగింది" అన్న గడిలో మొదట "రోడ్డు గుంత వల్ల" అని రాశా. చించేసి, వేరే ఫారం తీసుకుని, బెల్టు తెగిన సంగతి, చెప్పకుండా వారం గడిపిన సంగతి రాశా. మెమో ఇస్తారనుకున్నా. కొత్త బెల్టు వచ్చింది.

ఆరు వారాలకు నెగటివ్. మూడు నెలలకు కూడా నెగటివ్. తెల్ల డబ్బా ఇప్పుడు స్ట్రెచర్ తలవైపు, నా కుడిచేతికి అందేటట్టు బిగించి ఉంది. మోకాలికి తగులుతోందని నైట్ డ్యూటీ కుర్రాడు రోజూ గొణుగుతాడు.