సైఫన్ లోపల ఏం జరుగుతుంది? పిల్లల కోసం వీడియో తీసిన నా అనుభవం

పాలమూరు పిల్లలకు నీటి గురించి చెప్పడానికి పుస్తకం తెరవనక్కర్లేదు. బోరు ఎండిపోవడం, మోటారు కాలిపోవడం, జూరాల కాలువకు నీళ్లు వదలడం, ఇవన్నీ వాళ్ల ఇంట్లో రోజూ వినబడే మాటలే. కానీ పిల్లల కోసం తీసిన వీడియోలు వెతికితే జలచక్రం బొమ్మే ఎక్కువగా కనిపిస్తుంది: సముద్రం, మబ్బు, కొండ, మళ్లీ సముద్రం. మధ్యలో నవ్వే నీటిబొట్టు ఒకటి. ఆ నీటిబొట్టు మీద నాకు ఎందుకో మొదటి నుంచీ కోపమే.

నేను వనపర్తి వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ టీశాట్‌లోనూ పాఠాలు ప్రసారమైన రోజుల్లో పిల్లలకు ఫోన్ చేసి ఏం గుర్తుందని అడుగుతూ ఉండేవాణ్ణి. నిర్వచనాలు గుర్తుండేవి కావు. తెర మీద ఏదైనా కదిలితే, తిరిగితే, పొంగితే మాత్రం పూసగుచ్చినట్టు చెప్పేవారు. అప్పటి నుంచి నీరు, ప్రకృతి, యంత్రాల మీద మన చుట్టుపక్కల సంగతులతోనే చిన్న వీడియోలు తీయాలని మనసులో ఉంది. మొదటిదానికి సరళాసాగర్ తప్ప వేరే ఆలోచన రాలేదు.

తెలియనివారికి రెండు మాటలు. కొత్తకోటకు దగ్గరలో, మదనాపురం మండలంలో ఉన్న ఈ ప్రాజెక్టును వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరు మీద తలపెట్టారు. 1949లో పునాదిరాయి పడింది, 1959లో ప్రారంభమైంది. వరద నీటిని వదలడానికి దీనికి గేట్లు లేవు. గేటు ఎత్తే మనిషి లేడు, మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. నీరు నిండు మట్టానికి చేరగానే సైఫన్లు, అంటే నీటిని ఒక వంపు మీదుగా ఎక్కించి అవతలికి దించే గొట్టాలు, వాటంతటవే మొదలవుతాయి, మట్టం తగ్గగానే వాటంతటవే ఆగిపోతాయి. పెద్ద సైఫన్లు 17, వాటికి తోడు, వాటిని మొదలుపెట్టించే ప్రైమింగ్ సైఫన్లు 4. కదిలే భాగం ఒక్కటీ లేని యంత్రం ఇది. పిల్లలకు చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి?

చూపించాలంటేనే తెలిసింది ఇబ్బంది. సైఫన్లు నడిచేటప్పుడు బయటికి కనిపించేది దూకే తెల్లటి నీరు, హోరు. అసలు పనంతా కాంక్రీటు గూడు లోపల జరుగుతుంది, అక్కడికి ఏ కెమెరా పోదు. నడవనప్పుడు తీస్తే వట్టి గోడ. మామూలు చెరువు మత్తడి దూకుతున్నా కెమెరాకు ఇలాగే ఉంటుంది కదా, తేడా ఏమిటని మా ఇంట్లోనే అడిగారు.

ప్రాజెక్టు దగ్గర తీయడానికి ముందుగా ఇంజనీరు గారికి ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నాను. డ్రోను పెడదామని ఒక మిత్రుడు ఉత్సాహపడ్డాడు గాని, దాని అనుమతులు వేరే తతంగం. పైగా పైనుంచి చూస్తే సైఫన్ గురించి ఏమీ తెలియదు. కట్ట మీద నిలబడి స్టాండుకు బిగించిన ఫోనుతోనే తీశాం. పిల్లలెవరినీ నీటి దగ్గరకు రానివ్వలేదు, వీడియోలో కూడా నీటి అంచున పిల్లలు కనిపించకూడదని ముందే అనుకున్నాం. చూసినవాళ్లు అదే చేస్తారు. గాలి హోరుకు కాలర్ మైకు పనికిరాలేదు. మాటలన్నీ తర్వాత ఇంట్లో, తలుపులు వేసి, ఫ్యాను ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టి రికార్డు చేశాను. మే నెల అది. పాఠం ఎందుకంత వేగంగా చదివారని అడిగినవాళ్లకు ఇదే సమాధానం.

ఇక గూడు లోపలి సంగతి చూపడానికి నమూనా చేయాలి. సన్నటి గొట్టంతో అయితే చిటికెలో అవుతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా అడుగున బెజ్జం చేసి, వంగే స్ట్రాను తలకిందులు చేసిన ఇంగ్లీషు U ఆకారంలో లోపల నిలబెట్టి, ఒక కొనను బెజ్జంలోంచి కిందికి దించి, బెజ్జం చుట్టూ మైనం పోస్తే చాలు. నీలి సిరా కలిపిన నీళ్లు పోస్తూ పోతే స్ట్రా వంపు దాటేదాకా ఒక్క చుక్క కారదు. వంపు దాటగానే మొదలై డబ్బా దాదాపు ఖాళీ అయ్యేదాకా ఆగదు. పైథాగరస్ గ్లాసు అని పేరు పడ్డది ఇదే.

అయితే స్ట్రా చూపించి, ఇంత పెద్ద ప్రాజెక్టు కూడా ఇలాగే పనిచేస్తుందని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. సన్నటి గొట్టంలో నీరు గొట్టమంతా నిండుకుని, ముందున్న గాలిని నెట్టుకుంటూ పోతుంది. లావు గొట్టంలో అలా జరగదు. అది కళ్లారా చూడాలని ఇంచు పారదర్శక గొట్టం తెచ్చాం. దాన్ని నలగకుండా వంచడం నాకు చేతకాని పని. మా ఊళ్లో మోటార్లు బాగుచేసే అన్న గొట్టం నిండా ఇసుక కూరి, మరిగే నీళ్లలో ముంచి, మెల్లగా వంచి ఇచ్చాడు. తీరా నీళ్లు పోస్తే వంపు దాటిన నీరు గొట్టం లోపలి గోడను పట్టుకుని సన్నటి ధారగా జారిపోయింది. మిగతా గొట్టమంతా గాలే. ఎంత నీరు పోస్తే అంతే కారుతోంది, డబ్బాలో మట్టం ఎక్కడిదక్కడే. అంటే అది సైఫన్ కాలేదు, మత్తడిగానే మిగిలింది.

పక్కనే కూర్చుని చూస్తున్న అన్న నవ్వాడు. "గాలి పోనిదే నీళ్లు పట్టవు సార్. ఫుట్ వాల్వు లీకైన మోటారును చూడలేదా? తిరుగుతూనే ఉంటుంది, చుక్క నీళ్లు రావు. పైనుంచి నీళ్లు పోసి గాలి తీస్తేనే ఎత్తుతుంది." ఆ మాట అలాగే అతని గొంతుతో వీడియోలో పెట్టాను. నేను రాసుకున్న వివరణకంటే అదే బాగుంది.

గొట్టం కింది కొనను నీళ్ల టబ్బులో ముంచి, పైనుంచి చెంబుతో కాకుండా బకెట్‌తో ఒక్కసారిగా పోశాం. కింది కొన మునిగి ఉంది కాబట్టి బయటి గాలి లోపలికి రాలేదు. దూకే నీరు లోపలి గాలిని బుడగలుగా పట్టుకుపోయింది. టబ్బులో గుడగుడమని బుడగలు వచ్చి, వచ్చి, చప్పున ఆగాయి. ఆ క్షణంలో గొట్టం మొత్తం నీలంగా మారి, డబ్బాలో మట్టం కళ్లముందే దిగడం మొదలుపెట్టింది. ఆ కొన్ని సెకన్ల దృశ్యాన్ని వేగం తగ్గించి, మాట లేకుండా, సంగీతం లేకుండా ఉంచాను. వీడియోకు ప్రాణం అక్కడే ఉంది. సరళాసాగర్‌లో ప్రైమింగ్ సైఫన్లు ఎందుకున్నాయో ఆ బుడగలు చూశాక చెబితే పిల్లలకు వెంటనే అర్థమైంది: ముందు గాలిని తరిమితేనే పెద్ద సైఫన్లు పట్టుకుంటాయి.

లెక్క కూడా కొంచెం చెప్పాను, పెద్ద తరగతులవాళ్ల కోసం. మత్తడి మీద నీటి మందం అయిదారు సెంటీమీటర్లే అయితే ప్రవాహాన్ని నడిపే ఎత్తు కూడా అంతే. గొట్టం నిండా పారే సైఫన్‌కు అలా కాదు, పై మట్టానికీ కింద నీరు బయటపడే చోటికీ ఉన్న తేడా అంతా లెక్కలోకి వస్తుంది. ఆ తేడా 3 మీటర్లుంటే, ఘర్షణను పక్కన పెడితే, నీటి వేగం సెకనుకు 7.7 మీటర్ల దాకా వస్తుంది. అందుకే మట్టం కొద్దిగా పెరిగినా సైఫన్ అంత నీటిని వదలగలదు. వంపును ఎంత ఎత్తయినా కట్టవచ్చా అంటే కుదరదు. వంపులోకి నీటిని నెట్టేది వాతావరణ పీడనం. సముద్రమట్టం దగ్గర అది నీటిని 10 మీటర్లకు కాస్త పైన మాత్రమే నిలబెట్టగలదు.

ఒక్క విషయంలో మాత్రం పట్టుదలగా ఉన్నాను. మన పల్లెల్లో డ్రమ్ము నుంచి నీళ్లు తీయాలన్నా, ట్యాంకు నుంచి డీజిల్ తీయాలన్నా పైపు కొన నోట్లో పెట్టి పీలుస్తారు. పిల్లలు అది రోజూ చూస్తుంటారు. వీడియోలో ఆ దృశ్యం పెడితే సైఫన్ చప్పున అర్థమవుతుందని ఇద్దరు ముగ్గురు చెప్పారు. పెట్టలేదు. పైపును ముందే నీళ్లతో నింపి, రెండు కొనలూ బొటనవేళ్లతో మూసి, ఒకటి పై బకెట్‌లో, ఒకటి కింది బకెట్‌లో ముంచి వదలడం చూపించాను. డీజిల్, పురుగుమందు డబ్బాల దగ్గర నోటితో పీల్చవద్దని తెర మీద పెద్ద అక్షరాల్లో రాశాను.

ఎడిటింగ్ అంతా ఫోనులోనే. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు ఇది పిల్లల కోసం తీసిందా, కాదా అని అడుగుతుంది. అవునంటే కామెంట్లు మూసుకుపోతాయి, చూసేవాళ్ల అలవాట్లను బట్టి వచ్చే ప్రకటనలు కూడా ఉండవు. నిజం చెప్పాలి కాబట్టి అవునన్నాను. దాంతో ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో తెలిసే దారి లేకుండా పోయింది. ఎన్నిసార్లు చూశారో అంకె కనిపిస్తుంది గాని, ఆ అంకెతో పాఠం దిద్దుకోలేం. కాబట్టి ప్రొజెక్టర్ పెట్టి ఏడో తరగతి పిల్లలతో కలిసి చూశాను, వీడియోను కాదు, వాళ్ల ముఖాలను. డబ్బాలో నీరు వంపు దాకా వచ్చిన చోట ఆపి, ఇప్పుడేమవుతుందని అడిగాను. "పొర్లిపోతుంది" అన్నారు చాలామంది. "పోసినంతే కారుతుంది" అన్నారు కొందరు. వెనక బెంచీ అమ్మాయి ఒకతె మాత్రం, "మొత్తం పోతుంది సార్, మా తాత పొలంలో పైపు అట్లాగే ఖాళీ చేస్తుంది" అంది. అప్పటి నుంచి వీడియోలోనే ఆ చోట పది సెకన్లు బొమ్మ నిలిచిపోయేలా మార్చాను. పెద్దవాళ్లకు అది సాగదీతలా అనిపిస్తుందట. వాళ్ల కోసం తీయలేదు.

పిల్లలు అడిగిన వాటిలో నాకు బాగా పని పెట్టిన ప్రశ్న వేరే ఉంది. "అన్నీ తనంతట తానే చేసుకునే ప్రాజెక్టు మరి ఎందుకు తెగింది సార్?" 2019 డిసెంబరు 31న సరళాసాగర్ కట్టకు గండి పడింది. ఈ పిల్లలు అప్పుడు మరీ చిన్నవాళ్లు, అయినా ఇళ్లల్లో విని ఉన్నారు. తెగింది మట్టికట్ట, సైఫన్లు కాదు. కట్టను తర్వాత మళ్లీ కట్టారు. ఆ జవాబు వాళ్లకు చాలలేదు. గట్టిగా కనిపించే మట్టిలోంచి నీరు దారి ఎలా చేసుకుంటుందని మళ్లీ అడిగారు. రెండో వీడియో దాని మీదే. గాజు తొట్టిలో మట్టి, ఇసుక వేర్వేరు పాళ్లలో తొక్కి చిన్న కట్టలు పోస్తున్నాం. ఒండ్రుమట్టి కోసం పిల్లలు ఊరి చెరువు నుంచి తెచ్చిన సంచులు ప్రయోగశాల మూలన ఉన్నాయి. వాటిలోంచి చీమలు బయటికొస్తున్నాయని మా అటెండరు సణుగుతున్నాడు.