తూర్పు వాకిలి ఇంటికి పడమటి డెక్: నా అనుభవం

అమెరికాలో మనవాళ్లు చాలామంది తూర్పు వాకిలి చూసుకుని ఇల్లు కొంటారు. అప్పుడు పెరడు పడమర వైపు పడుతుంది, డెక్ (ఇంటి వెనక గోడకు ఆనించి పోస్టుల మీద కట్టే పలకల అరుగు) కూడా అటే వస్తుంది. నార్త్ కరోలినాలో మా ఇల్లూ అంతే. అందుకే స్టైలు, రంగు, కప్పు అన్నీ పడమటి ఎండను బట్టే ఎంచుకున్నాం.

ఇలాంటి చోట కాంట్రాక్టర్లు ముందు చూపించేది పెర్గోలా, అంటే సందులతో దూలాలు పరిచిన పందిరి. మధ్యాహ్నం కాస్త నీడనిస్తుంది గానీ సాయంత్రానికి పనికిరాదు. జూలైలో 6 గంటలకు ఇక్కడ సూర్యుడు సుమారు 28 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. కప్పు అంచు 8 అడుగుల ఎత్తులో ఉందనుకుంటే, ఎండ దాని కిందుగా 15 అడుగులు లోపలికి దూసుకొస్తుంది. ఇంటి గోడ నుంచి బయటికి 14 అడుగులున్న మా డెక్ మీద నీడ చుక్క కూడా మిగలదు. పడమటి ఎండకు అడ్డు పైన కాదు, నిలువుగా ఉండాలి. అందుకని 20 అడుగుల వెడల్పులో సగం కప్పున్న స్క్రీన్డ్ పోర్చ్‌గా (చుట్టూ దోమతెర ఉన్న వరండాగా) కట్టించి, పడమటి వైపు కిందికి దించుకునే షేడ్ పెట్టించాం. మిగతా సగం తెరిచే ఉంచాం. ఆరుగురి టేబుల్ చుట్టూ కుర్చీలు వెనక్కి జరగాలంటే అన్ని వైపులా 3 అడుగులు వదలాలి, అంటే 9 బై 12 అడుగులు కావాలి. పోర్చ్ 10 బై 14 కాబట్టి సరిపోయింది. ఒక్క మాట: పలకల సందుల్లోంచి కూడా దోమలు వస్తాయి. పోర్చ్ భాగంలో పలకలు బిగించకముందే జాయిస్టుల (పలకలను మోసే కింది దూలాల) మీద మెష్ పరిపించాలి.

కప్పు ఇప్పుడు వద్దు, తర్వాత చూద్దాం అనుకునేవాళ్లు కూడా ఫుటింగులు (పోస్టుల కింద పోసే కాంక్రీటు పునాదులు), 6 బై 6 అంగుళాల పోస్టులు కప్పు బరువుకు సరిపడా ఇప్పుడే వేయించుకోవాలి. డెక్‌కు సరిపోయే ఫుటింగు కప్పు బరువును మోయలేకపోవచ్చు. అప్పుడు మళ్లీ తవ్వాల్సిందే. ఫుటింగ్ లోతు ఊరిని బట్టి మారుతుంది. మా దగ్గర 12 అంగుళాలు చాలు, న్యూజెర్సీలో 3 అడుగుల దాకా వెళ్లాలి. తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు.

నా దృష్టిలో డెక్ మొత్తానికీ కీలకం లెడ్జర్, అంటే ఇంటి గోడకు బిగించే దూలం. బిల్డింగ్ కోడ్ ప్రకారం డెక్ చదరపు అడుగుకు 40 పౌండ్లు మోయాలి. 14 బై 20 డెక్‌కు అది 11,200 పౌండ్లు, అందులో దాదాపు సగం ఈ దూలం మీదే పడుతుంది. దీన్ని మేకులతో కొడితే ఊడిపోతుంది. అర అంగుళం బోల్టులో లాగ్ స్క్రూలో (లావుపాటి చెక్క మరలు) వేయాలి. పైన ఫ్లాషింగ్ (నీళ్లను బయటికి మళ్లించే రేకు) లేకపోతే సైడింగ్ (గోడ పైతొడుగు) వెనక్కి నీళ్లు దిగి రిమ్ (లెడ్జర్ వెనక ఉన్న ఇంటి అంచు దూలం) కుళ్లిపోతుంది. ట్రీటెడ్ (కుళ్లకుండా మందు పట్టించిన) చెక్కలో రాగి ఉంటుంది కాబట్టి దాన్ని తాకేచోట అల్యూమినియం ఫ్లాషింగ్ వద్దు, రాగి ఆ రేకును తినేస్తుంది. స్క్రూలూ హ్యాంగర్లూ (జాయిస్టులను పట్టి ఉంచే లోహపు బిగింపులు) హాట్ డిప్ గాల్వనైజ్డ్ (జింకు పూత పట్టించినవి) అయినా, స్టెయిన్‌లెస్ అయినా ఉండాలి. వెనక గోడకు ఇటుక తొడుగు ఉంటే దానికి లెడ్జర్ అసలు బిగించకూడదు. డెక్‌ను సొంత పోస్టుల మీదే నిలబెట్టాలి.

పలకల విషయానికొస్తే, మనం వంటింట్లోంచి చెప్పుల్లేకుండానే బయటికి నడుస్తాం. ట్రీటెడ్ పైన్ చవకే గానీ పెచ్చులు లేచి కాళ్లలో గుచ్చుకుంటుంది, రెండు మూడేళ్లకోసారి సీలర్ కొట్టాలి. కాంపోజిట్‌కు (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలకు) ఆ బాధ లేదు. కానీ ముదురు గోధుమ, బొగ్గు రంగు పలకలు పడమటి ఎండకు అడుగు పెట్టలేనంత కాలిపోతాయి. శాంపిల్ ముక్కలు తెప్పించి, సాయంత్రం 5 గంటల దాకా ఎండలో ఉంచి అరికాలితో తొక్కి చూడాలి. మేం లేత బూడిద రంగు తీసుకున్నది అలా చూశాకే. పలకలు నేరుగా వేస్తే జాయిస్టుల మధ్య 16 అంగుళాలు సరిపోతాయి. ఐమూలగా వేయాలనుకుంటే 12 ఉండాలి, లేదంటే నడిచేటప్పుడు ఊగుతాయి. కలప ఖర్చూ పెరుగుతుంది కాబట్టి మేం నేరుగానే వేయించాం.

మెట్ల దగ్గర మాత్రం కోడ్ చెప్పిన హద్దు దాకా వెళ్లలేదు. మా డెక్ ఎత్తు 46 అంగుళాలు. కోడ్ ప్రకారం 6 మెట్లు పెడితే సరిపోతుంది, కానీ ఒక్కోటి ఏడున్నర అంగుళాలు దాటుతుంది. ఇండియా నుంచి వచ్చి ఆర్నెల్లు ఉండే అమ్మానాన్నల మోకాళ్లకు అది ఎత్తే. 7 చేస్తే ఒక్కోటి ఆరున్నర అంగుళాలకు దిగింది. రెండు పలకలు పక్కపక్కన వేస్తే కాలు మోపే చోటు 11 అంగుళాలు వచ్చింది. 30 అంగుళాల ఎత్తు దాటిన డెక్‌కు రెయిలింగ్ తప్పనిసరి: 36 అంగుళాల ఎత్తు, కడ్డీల సందు 4 అంగుళాల లోపు.

గారెలు, బజ్జీలు వేయడానికి పెద్ద ప్రొపేన్ బర్నర్ చాలా ఇళ్లలో డెక్ మీదే పెడతారు. దయచేసి వద్దు. చెక్కయినా కాంపోజిట్ అయినా మంటకు పనికిరాదు, కాగే నూనె పొంగితే అంటుకుంటుంది. మెట్లు దిగాక, ఇంటికి దూరంగా పేవర్లతో (నేల మీద పరిచే పలకరాళ్లతో) 6 బై 8 అడుగుల చదును చేయించుకుంటే ఆ పని అక్కడ నిశ్చింతగా చేసుకోవచ్చు.

కాగితాల్లో ముందు హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి, ఆ తర్వాత టౌన్ పర్మిట్. రెండింటికీ సర్వే ప్లాట్ (స్థలం హద్దుల పటం) కావాలి, అందులో ఈజ్‌మెంట్ (ఇతరుల లైన్ల వంటివాటికి వదలాల్సిన జాగా) గీత ఎక్కడుందో చూసుకున్నాకే కొలతలు ఖాయం చేయాలి. కాంక్రీటు పోయకముందు గుంటలు, పలకలు వేయకముందు ఫ్రేమ్ ఇన్‌స్పెక్టర్ చూడాలి. ఈ రెండు సందర్భాల్లోనూ ఫొటోలు తీసి ఉంచుకోండి. పలకలు పడ్డాక లెడ్జర్ బోల్టులూ ఫ్లాషింగూ మళ్లీ కంటికి కనబడవు.