మూతి పేలకముందే మాత్ర

జ్వరం తగ్గుతూ పెదవి అంచున నీటిపొక్కులు లేస్తే మా ఇళ్లలో "జ్వరం పేలింది, ఇక తగ్గినట్టే" అంటారు. నాకు జ్వరంతో పనిలేదు. పదో తరగతి పరీక్షల డ్యూటీకి గుంటూరు ఎండలో స్కూటీ మీద తిరిగితే చాలు, కింది పెదవి కుడిమూల చురచురలాడేది. తెల్లారేసరికి గుంపుగా బుడగలు. అవి చితికి రసి కారడం, చెక్కు కట్టడం, నవ్వితే ఆ చెక్కు పగిలి నెత్తురు. వారం పది రోజులు కర్చీఫ్ అడ్డం పెట్టుకునే పాఠం చెప్పేదాన్ని. "వేడి చేసిందమ్మాయ్, సబ్జా గింజలు నానేసుకుని తాగు" అనేవారు అత్తయ్య. సబ్జా నీళ్లు హాయిగానే ఉండేవి. పొక్కులు మాత్రం వాటి గడువు పూర్తయ్యాకే పోయేవి.

ఏడాదిలో మాటిమాటికీ రావడంతో చర్మవ్యాధుల డాక్టరుకి చూపించుకున్నాను. ఆవిడ చూస్తూనే "హెర్పిస్ సింప్లెక్స్" అన్నారు. అదేదో సుఖవ్యాధి అనుకుని పక్కనే ఉన్న మా ఆయన ముఖం మారిపోయింది. ఆవిడకు ఇది మామూలే కాబోలు, "టైప్ 1 అండీ, ఎక్కువగా మూతి దగ్గర వచ్చే రకం. చాలామందికి చిన్నప్పుడు ఇంట్లోవాళ్ల ముద్దులతోనే అంటుకుంటుంది" అని తేల్చేశారు. 50 ఏళ్లలోపు వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో ఈ వైరస్ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ముఖానికి స్పర్శ తెలిపే నరం మొదలు దగ్గర ఇది దాక్కుని ఉంటుంది. ఎండ, జ్వరం, నిద్రలేమి, నెలసరి లాంటివి దాన్ని లేపుతాయి.

దాక్కున్నదాన్ని మాత్రలు ఏమీ చేయలేవు, లేచి పెరుగుతున్నదాన్నే అడ్డుకుంటాయి. జీవశాస్త్రం టీచర్ని కదా, అది ఎలాగో అడగకుండా ఉండలేకపోయాను. దీనికి వాడే ఎసైక్లోవిర్ అనే మందును పనిచేసే రూపంలోకి మార్చడం మొదలుపెట్టేది వైరస్ సొంత ఎంజైమే. అందుకే అది ముఖ్యంగా వైరస్ సోకిన కణాల్లోనే పనిచేస్తుంది, మిగతా కణాల జోలికి పెద్దగా పోదు. దొంగ చేతిలోని తాళంచెవితోనే ఆ దొంగను గదిలో పెట్టి తాళం వేసినట్టు! ఈ మందు వెనకున్న శాస్త్రవేత్త గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ వచ్చింది. నాకు రాసింది వాలసైక్లోవిర్. ఒంట్లోకి వెళ్లాక ఎసైక్లోవిర్‌గానే మారుతుంది, కాకపోతే రక్తంలోకి బాగా ఎక్కుతుంది కాబట్టి రోజుకి ఐదుసార్లు మింగే బాధ లేదు.

కిడ్నీ జబ్బు ఉందా, గర్భవతివా, ఇంకేం మందులు వాడుతున్నావని అడిగాకే చీటీ రాశారు: చురుక్కుమనగానే 2 గ్రాములు, 12 గంటలకు ఇంకో 2 గ్రాములు, అంతే. "బీరువాలో కాదు, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకో" అన్నారు. మొత్తం వైద్యంలో నాకు పనికొచ్చిన మాట అదే. మెడికల్ షాపులో 500 మిల్లీగ్రాములవే దొరికాయి, అంటే పూటకి నాలుగు.

స్పాట్ వాల్యుయేషన్‌లో పేపర్లు దిద్దుతుండగా సాయంత్రం నాలుగింటికి పెదవి మొదలెట్టింది. వాటర్ క్యాన్ దగ్గరికెళ్లి నాలుగూ మింగాను. "ఏంటి మేడమ్, గుప్పెడు మింగేస్తున్నారు!" అన్నారు పక్క టేబుల్ మాస్టారు. రెండో మోతాదుకి తెల్లవారుజామున అలారం పెట్టుకున్నాను. కాస్త తలనొప్పి వచ్చింది. నీళ్లు బాగా తాగమన్నారు, తాగాను. పెదవి కొంచెం ఉబ్బి, ఒక్క చిన్న పొక్కు లేచి, అక్కడే ఎండిపోయింది.

ప్రతిసారీ అలా కుదరలేదు. ఒకసారి నిద్రలోనే మొదలై, లేచేసరికే బుడగలు వచ్చేశాయి. అప్పుడూ మాత్రలు వేసుకున్నాను కానీ పెద్ద తేడా కనిపించలేదు. ఈ మందు మీద చేసిన క్లినికల్ పరీక్షల్లో కూడా పొక్కు ఉండే కాలం సగటున తగ్గింది సుమారు ఒక రోజే. ఒక్క రోజుకింత హడావుడా అనిపించవచ్చు. మూతి పగిలిన మనిషి దగ్గర మాత్రం ఆ మాట అనకండి.

పొక్కు ఉన్నన్నాళ్లూ నా గ్లాసు, తువ్వాలు వేరు. మా ఆడపడుచు కూతురి బారసాలకు అలాగే వెళ్లాల్సి వచ్చింది. పాపను దూరం నుంచే చూశాను, ఎవరేమనుకున్నా సరే. అప్పుడే పుట్టిన పిల్లలకు ఇది సోకితే ప్రాణం మీదికి రావచ్చు. పొక్కు ముట్టిన చేత్తో కన్ను నలపకూడదు. కన్ను ఎర్రబడి నొప్పెడితే షాపు చుక్కలు కాదు, కంటి డాక్టరే. దురదకని ఇళ్లలో ఉండే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు కూడా దీనికి రాయొద్దన్నారు.

ఇప్పుడు ఎండలోకి వెళ్తే ఎస్‌పీఎఫ్ 30 లిప్‌బామ్, ముఖానికి చున్నీ. మరీ తరచుగా వస్తుంటే రోజూ 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి కొన్నాళ్లు వాడొచ్చన్నారు డాక్టరుగారు. రోజూ మాత్ర అంటే మనసొప్పలేదు. వచ్చే వేసవి ఎలా గడుస్తుందో చూసి చెబుతానన్నాను. సరేనన్నారు.