చిన్నాయన మగ్గం ముచ్చట్లు: తెలుగు ట్రాన్స్‌క్రిప్ట్ పెట్టుకుని ఎడిటింగ్ ఎక్కడిదాకా వచ్చిందంటే

చిన్నాయన మగ్గం పని మీద చేస్తున్న వీడియోల్లో మొదటి భాగం రఫ్ కట్ (తొలి కోత) అయిపోయింది. పోచంపల్లి దగ్గరి మా ఊళ్లో చిన్నాయన మగ్గం ముందు కూర్చుని ఆసు పోయడం (నేతకు ముందు పేక నూలును మేకుల చుట్టూ తిప్పి వరుసపెట్టడం) దగ్గర్నుంచి చీర దించేదాకా చెప్పిన ముచ్చట్లు గంటల కొద్దీ ఉన్నాయి, అదంతా వేవ్‌ఫార్మ్ (ధ్వని గీతలు) చూసుకుంటూ కోసే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే మాటల్ని చదువుకుంటూ, వద్దనుకున్న వాక్యాన్ని తీసేస్తే ఆ వీడియో ముక్క కూడా పోయే పద్ధతి పట్టుకున్నాను. ఇంగ్లీషు వీడియోలు చేసేవాళ్లకు ఇదేం కొత్త కాదు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లైన ప్రీమియర్ ప్రోలోకీ డావిన్చీ రిజాల్వ్ స్టూడియోలోకీ 2023లోనే వచ్చేసింది. ప్రీమియర్ భాషల జాబితాలో నేను చూసినప్పుడు హిందీ ఉంది కానీ తెలుగు లేదు. రిజాల్వ్‌లో అది డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంటుంది. నేను ఉచితంగా దొరికే ఎడిటర్ కేడెన్‌లైవ్ వాడతాను, అందులో స్పీచ్ ఎడిటర్ ఉంది, దాని వెనక విస్పర్ (మాటల్ని అక్షరాల్లోకి మార్చే ఓపెన్‌ఏఐ మోడల్) పెట్టుకోవచ్చు, విస్పర్‌కు తెలుగు వచ్చు. ఎంత బాగా వచ్చు అన్నదే అసలు కథ.

ముందుగా ఒక మాట. ట్రాన్స్‌క్రిప్ట్ ఎడిటింగ్ సరిగ్గా రావట్లేదు అంటే అందులో రెండు వేరు వేరు తప్పులు ఉండొచ్చు: రాసిన మాట తప్పు కావడం ఒకటి, మాట సరిగ్గానే ఉన్నా దాని టైమ్ తప్పు కావడం ఇంకొకటి. వీటికి మందులు వేరు. మాటలు తప్పుగా ఉంటే పెద్ద మోడల్ పెట్టి చూడొచ్చు, టైమ్ తప్పుగా ఉంటే ఎంత పెద్ద మోడల్ పెట్టినా ఏం ఒరగదు. కాబట్టి ముందు ఏది తప్పో తేల్చుకుని తర్వాతే సెట్టింగ్స్ జోలికి వెళ్లాలి.

టైమ్ సంగతి. ఫైల్ మొదట్లో ఒక మాట, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి ఎంచుకుని, ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆ మాట మీద నొక్కి వినండి. మూడు చోట్లా ఒకే అంత తేడా ఉంటే ఆడియో మొదలయ్యే చోటే జరిగిందని అర్థం, మొత్తాన్ని ఒక్కసారి జరిపితే సరిపోతుంది. మొదట్లో బాగుండి పోను పోను తేడా పెరుగుతుంటే అది ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు అన్నది) గొడవ. ఫోన్‌తో తీసిన వీడియోలు చాలావరకు వేరియబుల్ ఫ్రేమ్ రేట్‌లో ఉంటాయి, వెలుతురు తగ్గితే ఫోన్ తనంతట తానే ఫ్రేములు తగ్గించేస్తుంది, మగ్గం గుంటలో వెలుతురు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫోలో ఫైల్ తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని కనిపిస్తుంది. వీడియో ఫైళ్లను మార్చే హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ (మారని) ఫ్రేమ్ రేట్ పెట్టి ఫైల్‌ని మార్చుకున్నాక, ఆ మార్చిన ఫైల్‌నే ట్రాన్స్‌క్రిప్షన్‌కీ ఎడిటింగ్‌కీ రెండిటికీ వాడాలి. 29.97ని 30 అనుకుని లెక్కేసినా ఇదే తంతు, గంటకు 3.6 సెకన్లు జారిపోతుంది, అంటే చివరికి వచ్చేసరికి ఒక వాక్యం కొడితే ఇంకో వాక్యం ఎగిరిపోతుంది. ఇక తేడా ఒక చోట ముందుకూ ఒక చోట వెనక్కూ పోతుంటే ఫైల్ తప్పేం లేదు, మోడల్ టైమ్‌ని అంచనా వేయడంలో తడబడుతోంది. నాకు ఫోన్ ఫైల్స్‌లో రెండోదీ, మిగతా అన్నిట్లో మూడోదీ తగిలాయి.

మూడోదానికి విస్పర్‌ఎక్స్ వాడుతున్నాను. ఇది విస్పర్‌తో మాటలు రాయించి, తర్వాత వేరే మోడల్‌తో ప్రతి మాటా ఆడియోలో ఎక్కడుందో కూర్చుతుంది, తెలుగుకు కూడా ఆ అలైన్‌మెంట్ మోడల్ దానంతట అదే దిగుతుంది. ఒక్క ఇబ్బంది ఉంది: అంకెలకు టైమ్ పడదు. ఆ మోడల్‌కు తెలిసినవి అక్షరాలు మాత్రమే. చిన్నాయన "పద్దెనిమిది వేలు" అంటే విస్పర్ దాన్ని 18,000 అని రాస్తుంది, ఆ మాటకు టైమ్ ఖాళీగా ఉండిపోతుంది, ఆ చోట కట్ ఎక్కడ పడుతుందో చెప్పలేం. రేట్లు, నూలు లెక్కలు, సంవత్సరాలు చెప్పే చోట్ల ఇది విపరీతం. అలైన్ చేసే ముందు టెక్స్ట్‌లో అంకెల్ని అక్షరాల్లోకి మార్చేస్తే పోయింది.

ఇప్పుడు మాటల సంగతి, నాకు ఎక్కువ టైమ్ తిన్నది ఇదే. లక్షణం ఏంటంటే, కాసేపు చక్కగా రాస్తుంది, తర్వాత పది పదిహేను సెకన్ల మాటలు మాయం, మళ్లీ మామూలే. ఆడియోలో ఏ లోపమూ లేదు, మనిషి గట్టిగా స్పష్టంగానే మాట్లాడుతున్నాడు. కారణం విస్పర్ పని చేసే తీరులో ఉంది. అది ఆడియోను 30 సెకన్ల ముక్కలుగా తీసుకుంటుంది, ఒక్కో ముక్కకు అది రాయగలిగిన టోకెన్లకు (మాటను విడగొట్టిన చిన్న ముక్కలకు) ఒక హద్దు ఉంది: మొత్తం 448, అందులో సగం ముందు మాటల కోసం పోతే రాయడానికి మిగిలేవి దాదాపు 224. ఇంగ్లీషులో ఒక మాటకు ఒకటో రెండో టోకెన్లు పడతాయి, 30 సెకన్లకు అది ధారాళం. తెలుగులో ఒక్కో అక్షరమే యూనీకోడ్ (యూటీఎఫ్-8)లో మూడు బైట్లు, ఒత్తులుంటే ఇంకా ఎక్కువ, టోకెన్లు నీళ్లలా ఖర్చవుతాయి. చిన్నాయన లాంటి గబగబా మాట్లాడే మనిషి 30 సెకన్లు చెప్పింది ఆ హద్దులో పట్టదు. మిగిలింది అలా వదిలేసి తర్వాతి ముక్కకు వెళ్లిపోతుంది. విస్పర్‌ఎక్స్‌లో చంక్ సైజ్ అనే సెట్టింగ్ మామూలుగా 30 ఉంటుంది, దాన్ని 10కి దించగానే మాయమైన మాటలు దాదాపు అన్నీ తిరిగొచ్చాయి. తెలుగు, తమిళం, కన్నడం ఏది చేస్తున్నా ముందు ఇది మార్చి చూడండి, మోడల్ బాగాలేదని తిట్టడం తర్వాత.

ఇంకో గొడవ మగ్గం చప్పుడు. మనిషి మాట్లాడకుండా నేస్తున్నప్పుడు ఆ టక్‌టక్‌ని విస్పర్ మాటలనుకుని ఒకే పదాన్ని వరుసగా పేజీ నిండా రాస్తుంది. ముందు రాసిన దాన్ని చూసుకుని తర్వాతది రాసే సెట్టింగ్, అదే కండిషన్ ఆన్ ప్రీవియస్ టెక్స్ట్, ఆపేస్తే ఆ పునరుక్తి చాలావరకు తగ్గింది. దానితోపాటు ట్రాన్స్‌క్రిప్షన్ కోసం మాత్రమే చప్పుడు తగ్గించిన 16 కిలోహెర్ట్జ్ మోనో వేవ్ ఫైల్ ఒకటి విడిగా చేసుకుంటున్నాను. వీడియోలో మాత్రం అసలు ఆడియోనే. ఆ చప్పుడు నాకు కావాలి, అది లేకపోతే ఇది మగ్గం వీడియో ఎలా అవుతుంది. రెండు ఫైళ్ల నిడివి కచ్చితంగా ఒకటే ఉండాలి, అప్పుడే ఒకదాని టైమ్ ఇంకోదానికి సరిపోతుంది. అందుకే చప్పుడు తగ్గించే దశలో మౌనాలు తీసేసే ఆప్షన్ ఏదీ ముట్టుకోకూడదు.

పని మాటలకు ఇనిషియల్ ప్రాంప్ట్ (మోడల్‌కు ముందే ఇచ్చే సూచన మాటలు) పనికొచ్చింది. "ఆసు" అన్న చోటల్లా "ఆశ" అని వచ్చేది. ప్రాంప్ట్‌లో పడుగు, పేక, ఆసు, నాడె, కండె, చిటికి అని రాసి పెట్టాక బాగా మెరుగైంది. 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు మెషీన్ గురించి చిన్నాయన చాలాసేపు చెప్పాడు, ఆయన పేరు కూడా ప్రాంప్ట్‌లో పెట్టాల్సి వచ్చింది. అయితే ప్రాంప్ట్‌కూ టోకెన్ల హద్దు ఉంది కాబట్టి పెద్ద జాబితా ఇవ్వొద్దు, అదే పనిగా తప్పు పడుతున్న మాటలు మాత్రమే ఇవ్వండి.

కట్ చేసే పద్ధతి ఇలా స్థిరపడింది. విస్పర్‌ఎక్స్ ఇచ్చిన మాటల్ని చిన్న చిన్న పదబంధాలుగా లిబ్రే ఆఫీస్ షీట్‌లోకి తెచ్చుకుంటాను: మొదలు, చివర, టెక్స్ట్, పక్కన ఉంచాలా వద్దా అనే గడి. చాయ్ తాగుతూ చదివి గుర్తులు పెడతాను. ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్ ఉంచాల్సిన వాటిని ఓపెన్‌టైమ్‌లైన్‌ఐఓ (కట్‌ల వరుసను దాచుకునే) ఫైల్‌గా రాస్తుంది, దాన్ని కేడెన్‌లైవ్ తెరుస్తుంది. స్పీచ్ ఎడిటర్‌లోనే నేరుగా చేయొచ్చు, చిన్న క్లిప్పులకు ఇప్పటికీ అలాగే చేస్తున్నాను, కానీ పెద్దవాటికి షీట్ ఉంటే పైనా కిందా వరుస మార్చుకోవడం తేలిక, పైగా అంచులు స్క్రిప్ట్‌లో దిద్దుకోవచ్చు.

అంచులంటే మాట మొదటికీ చివరికీ వదిలే జాగా. తెలుగులో మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ఆ అచ్చు మెల్లగా సన్నగిల్లుతుంది, మోడల్ దాన్ని ముందే అయిపోయిందనుకుంటుంది. అక్కడ కోస్తే "చేసినా" అన్నది "చేసిన" అయిపోతుంది, అడిగిన ప్రశ్న చెప్పిన మాటలా వినిపిస్తుంది. అందుకే మాటకు ముందు 80 మిల్లీసెకన్లు, తర్వాత 150 వదులుతున్నాను, పక్క మాట మీద పడకుండా చూసుకుంటూ. కట్ దగ్గర ఒకటి రెండు ఫ్రేముల ఆడియో ఫేడ్ పెడితే టిక్కుమనే చప్పుడు రాదు.

మౌనాల్ని ఆటోమేటిక్‌గా కోసే టూల్స్‌తో ఇంకో జాగ్రత్త. "అప్పుడు", "ఎక్కడ", "కట్టి" లాంటి మాటల్లో ద్విత్వం దగ్గర గొంతు ఒక్క క్షణం పూర్తిగా ఆగుతుంది, అది నిజంగానే మౌనం. కనీస మౌనం 0.1 సెకను అని పెడితే మాట మధ్యలోంచి కోస్తుంది. నేను 0.5 దగ్గర ఉంచాను. అసలు చిన్నాయన ఆలోచిస్తూ ఆగిన చోట్లను తీయడం నాకు ఇష్టం లేదు, చేతులు పని చేస్తుంటే మాట ఆగుతుంది, అది పనిలో భాగం.

యాస గురించి. "గిట్ల కట్టాలె" అని ఆయన అంటే విస్పర్ కొన్నిసార్లు "ఇట్లా కట్టాలి" అని రాస్తుంది. కోతకు అది సరిపోతుంది, టైమ్ సరిగ్గానే పడుతుంది. కానీ అదే టెక్స్ట్‌ను సబ్‌టైటిల్స్‌గా వేయడానికి నేను ఒప్పుకోను, ఆయన అన్నది అన్నట్టే ఉండాలి. కాబట్టి రఫ్ కట్ అయ్యాక మిగిలిన భాగం మాత్రమే విని చేత్తో దిద్దుతున్నాను. ముందే అంతా దిద్దితే, పారేసే ముక్కల మీద కూడా శ్రమ పోతుంది.

ఇక రెండో భాగం, రంగులు అద్దడం. అక్కడ చిన్నాయన, చిన్నమ్మ ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఒకరి మాటలో ఒకరు అందుకుంటారు. ఎవరు ఏది అన్నారో విడదీసే స్పీకర్ డయరైజేషన్ విస్పర్‌ఎక్స్‌లోనే ఉంది, కానీ ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడిన చోట దాన్ని నమ్మను. ఈసారి షూట్‌కు ఇద్దరికీ చెరో కాలర్ మైక్ పెట్టి, రెండు ట్రాక్‌లనూ వేరు వేరుగా ట్రాన్స్‌క్రైబ్ చేసి, షీట్‌లో టైమ్ ప్రకారం కలుపుతాను. మైకులు కొన్నాను, వచ్చే ఆదివారం ఊరికి వెళ్తున్నాను.