కాన్లీ లేని ఆ ఒక్క మ్యాచ్

ఆదివారం. పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకి, కుక్కర్‌లో పప్పు పడేసి, తమ్ముడికి ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో అప్పటికి రాత్రి. అమ్మ మోకాళ్ల నొప్పి, వాడి ఆఫీసు కబుర్లు అయ్యాక మళ్లీ పాత గొడవే. "అన్నయ్యా, మీ మిన్నెసోటా వాళ్లు ఆ ముసలాయన్ని అంతకాలం ఎందుకు ఆడించారు? పది పాయింట్లు కూడా కొట్టలేదుగా!"

మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ అనే NBA బాస్కెట్‌బాల్ జట్టులో ఆట నడిపించిన గార్డ్ మైక్ కాన్లీ గురించి. 2024-25లో మ్యాచ్‌కి సగటు 8.2 పాయింట్లే, నిజమే. ఫోన్‌లో వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను, మధ్యాహ్నమంతా అదే బుర్రలో తిరిగింది.

నాకు 2024 మే గుర్తొస్తుంది. ప్లేఆఫ్స్‌లో డెన్వర్‌తో రెండో రౌండ్. అయిదో మ్యాచ్‌కి మడమ వెనక నొప్పితో కాన్లీ ఆడలేదు, 112-97తో ఓడిపోయాం. రెండు రోజులకి తిరిగొచ్చాడు, ఇక్కడ మిన్నియాపొలిస్‌లో 115-70తో గెలిచాం. నలభై అయిదు పాయింట్ల తేడా! అదంతా ఆయన చలవే అనను. అయిదో మ్యాచ్‌లో డెన్వర్ పొడుగాయన యోకిచ్ 40 కొట్టాడు, ఆరడుగుల కాన్లీ ఉండి మాత్రం ఆయన్ని ఆపేవాడా? కానీ ఆ రోజు ఎక్కువ పాయింట్లు కొట్టే మా ఎడ్వర్డ్స్ మీదికి ఇద్దరేసి వస్తుంటే, బంతి అందుకుని నిదానంగా ఆట నడిపే మనిషి లేక మావాళ్లు తడబడ్డారు, అది మాత్రం కళ్లారా చూశాను.

కాన్లీ చేసేది చూడ్డానికి ఏమీ ఉండదు. మా పొడుగాయన గోబేర్ వచ్చి స్క్రీన్ పెడతాడు, అంటే డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడతాడు; కాన్లీ వెంటపడే ఆ డిఫెండర్ని వీపు వెనకే ఉంచుకుని వేగం తగ్గిస్తాడు. అవతలి పొడుగాయన ముందుకొస్తే బంతి గోబేర్‌కి పైకి విసురుతాడు, వెనకే ఆగితే ఎడమచేతి వాటం మనిషి కుడిచేత్తో మెల్లగా ఫ్లోటర్ వేస్తాడు, అంటే పొడుగాయన చేతుల మీదుగా బంతిని ఎత్తుగా తేలేస్తాడు, మూల నుంచి ఎవరైనా సాయానికొస్తే ఆ మూలకే పాస్. వాళ్లిద్దరూ యూటాలో మూడు సీజన్లు కలిసి ఆడారు, మాట్లాడుకోనక్కర్లేదు. 2023-24లో కాన్లీకి మ్యాచ్‌కి 5.9 అసిస్టులు, అంటే పాయింట్లు తెచ్చిన పాస్‌లు, 1.3 టర్నోవర్లు. అంత తక్కువగా బంతి పోగొట్టుకోవడం 36 ఏళ్ల వయసులో మామూలు విషయం కాదు.

కాళ్లు నెమ్మదించాయి, ఒప్పుకుంటాను. తర్వాతి రౌండ్‌లో డల్లాస్ 4-1తో మమ్మల్ని ఓడించినప్పుడు వాళ్ల గార్డులు డాన్చిచ్, ఇర్వింగ్‌ల ముందు ఆ వయసు తెలిసిపోయింది.

ఇంజనీరింగ్‌లో మా బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు. పెద్దగా స్కోర్ చేసేవాడు కాదు, నేనేమో మ్యాచ్‌కి పద్నాలుగు పదిహేను కొట్టేవాణ్ణి, అదంతా నా గొప్పే అనుకునేవాణ్ణి. ఆయన కోర్సు అయిపోయి వెళ్లిపోయాక బంతి నాకు మోకాళ్ల దగ్గరికో, అర సెకను ఆలస్యంగానో వచ్చేది. అంతకుముందు ప్రతిసారీ సరిగ్గా ఛాతీ దగ్గరికే వచ్చేదని అప్పుడు తెలిసింది. ఆయనకి ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

సాయంత్రం తమ్ముడికి మెసేజ్ పెట్టాను. ఆరో మ్యాచ్ వద్దురా, అయిదోది చూడు, ఎడ్వర్డ్స్ మీదికి ఇద్దరొచ్చినప్పుడు మిగతా వాళ్లు ఎక్కడ నిలబడ్డారో చూడు అని. అక్కడింకా తెల్లారలేదు.