చుట్ట ఏ కొస నోట్లో?

పాత ఫోన్‌లో ఫోటోలు తీసేస్తుంటే గోపాల్‌పూర్ పక్క ఊళ్ళో మా క్యాంపుది ఒకటి దొరికింది, ఇసకలో ప్లాస్టిక్ కుర్చీ, అందులో నోరు తెరుచుకుని ఒక మామ్మ.

మాది బరంపురం, ఇంట్లో తెలుగు వీధిలో ఒడియా, అందుకే డెంటల్ ఇంటర్న్‌షిప్‌లో నోటి జబ్బుల సర్వే అనగానే సార్ నన్ను ఆ చేపలోళ్ళ పేటకి లాక్కెళ్ళారు. ఫారం ఒడియాలో ఉంది, "ధూమపానం: ఉంది / లేదు", అంతే. నేనూ అలాగే అడిగా, మామ్మా పొగ తాగుతావా అని. "ఛీ, మాకలాటి అలవాట్లేటమ్మా" అంది. లేదు దగ్గర టిక్ పెట్టేసా.

తీరా అద్దం పెట్టి చూస్తే అంగిలి అంతా తెల్లగా మందంగా ఉంది, మధ్యలో ఎర్ర చుక్కలు, ఒక పక్క ఎర్రటి మచ్చ. చుట్ట కాలుస్తావేటి అన్నా. "చుట్టా? అది లేకపోతే పొద్దెలా గడుస్తాది" అని కొంగు ముడి విప్పి సగం కాలింది చూపించింది. ఏ కొస లోపలికి? "నిప్పున్న కొసే మరి. సముద్రం గాలికి ఆరదు, ఒళ్ళో పిల్ల మీద నుసి రాలదు."

అడ్డపొగ అన్నమాట. ఇదేం కొత్త విషయం కాదు, పిండ్‌బోర్గ్, మెహతా అనే నోటి జబ్బుల పరిశోధకులు ఇక్కడికి పక్కనే ఉన్న శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది అంగిళ్ళు చూసి 1971లోనే బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో రాశారు. మామూలుగా చుట్ట కాల్చేవాళ్ళకీ అంగిలి తెల్లబడుతుంది గానీ అలవాటు మానితే చాలామందికి తగ్గిపోతుంది, దాన్ని క్యాన్సర్‌కి ముందు దశ కింద లెక్కెయ్యరు. అడ్డపొగకి అలా కాదు, వేడీ పొగా రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి కాబట్టి ఆ మచ్చల్ని డబ్ల్యూహెచ్ఓ క్యాన్సర్‌గా మారగల వాటిలో పెట్టింది. మరి అలాంటప్పుడు ఫారంలో ఏ కొస అన్న గడి లేకపోతే ఇద్దర్నీ ఒకే కుప్పలో పోసినట్టే కదా, ఆ తర్వాత ఎంత పెద్ద స్టాటిస్టిక్స్ చేస్తే మాత్రం ఏం లాభం. నాకైతే ఇప్పటికీ కోపమే.

లేదు దగ్గర పెట్టిన టిక్ చెరిపేసి మార్జిన్‌లో చేత్తో అడ్డపొగ అని రాశా. వారం తర్వాత డేటా ఎంట్రీ అబ్బాయి ఇదేం కోడ్ అని అడిగాడు, చెప్పా, విన్నాడు, "అదర్స్"లో వేసేశాడు.

మామ్మ మాత్రం కొడుకుని వెంటబెట్టుకుని బయాప్సీకి వచ్చింది. క్యాన్సర్ ఇంకా కాలేదు, కణాలు మారడం మొదలైంది, ఇక చుట్ట ముట్టుకోవద్దని సార్ ఒడియాలో చెప్తుంటే నేను తెలుగులో చెప్పా. అంతా విని నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది, "పోనీ కొస తిప్పి కాల్చుకుంటే పర్లేదేటమ్మా?"

ఏమంటోంది అన్నారు సార్.